అడవి పట్టిన దేవరపోతు

నాకు అనుమానం ఎక్కువ. పాలల్లో నీళ్లు కలిపితే అందరూ అడుగుతారు, కలపకపోతే ఎందుకు కలపలేదని అడిగే రకం నేనని మా అత్తమ్మ నలుగురిలో నవ్వుతూ చెప్పేది. నేను కాదనను. పుట్టింది కామారెడ్డిలో, రైలు పట్టాల పక్క గల్లీలో. అక్కడ తరాజు పళ్లెం కింద వేలు పెట్టి చూసుకోకుండా ఎవరూ ఉల్లిగడ్డ కూడా కొనరు. పెళ్లయి ఎల్లారెడ్డి దాటి అడవి అంచున ఉన్న ఈ ఊరికి వచ్చాక తెలిసింది, ఇక్కడివాళ్లు దేవుణ్ణి నమ్ముతారు, దయ్యాన్ని నమ్ముతారు, బస్సు వేళకు వస్తుందని కూడా నమ్ముతారు. నమ్మనిది ఒక్క పక్కింటివాళ్లనే. ఆ లెక్కన నేను తొందరగానే ఊళ్లో కలిసిపోయాను.

పగలంతా మా ఇంటి అరుగు మీద ఆడవాళ్లం బీడీలు చుట్టేవాళ్లం. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన ఆకు, దారం. చేతులకు పని ఉంటుంది, నోటికి ఉండదు. ఊళ్లో ఎవరి కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టిందో ఆ అరుగు మీదే తేలేది. ఎవరి మీద అనుమానం పుట్టినా, పుట్టేది అక్కడే.

రెండువేల తొమ్మిదిలో మా ఆయన గల్ఫ్‌కు పోయాడు. డ్రైవర్ పనని చెప్పి తీసుకుపోయారు. ఆయన పోయిన కొద్దిరోజులకే మా అత్తమ్మ మొక్కు మొక్కింది. కొడుకు ప్రాణంతో తిరిగొస్తే, అయిదేళ్లకొకసారి చేసే పోచమ్మ పెద్ద పండుగకు దున్నపోతును బలి ఇస్తానంది. మా ఇంటి బర్రెకు అప్పుడే పుట్టిన దుడ్డెకు పసుపు రాసి, మెడలో వేపమండ కట్టి, డప్పు వెంట గుడి చుట్టూ తిప్పి వదిలేశారు. ఆ రోజు నుంచి అది దేవరపోతు. దాన్ని కట్టేయకూడదు, కొట్టకూడదు, అదిలించకూడదు. ఎవరి చేలో పడినా చేతులు జోడించి "పో తల్లీ" అనాల్సిందే. అది మగదని ఎవరూ గుర్తు చేయరు, అమ్మవారి సొత్తు గనుక తల్లే.

అది పెరిగింది. పెరగడమంటే అలా ఇలా కాదు. రెండేళ్లకే మా గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు వచ్చేది కాదు. కొమ్ములు వెనక్కి వంగి వీపు మీదికి పోయాయి. అంత పెద్ద శరీరం, అంత నిదానం. ఒకసారి జోరున వాన పడుతుంటే గల్లీలో నిలబడి ఉంది. దాని పొట్ట కింద ఒక కోడి పిల్లలతో సహా దూరింది. ఒక కాలు ఎత్తిన పోతు, కింద పిల్లలున్నాయని తెలిసి, వాన ఆగేదాకా ఆ కాలు అలాగే పట్టుకుంది. చూసినవాళ్లంతా దండం పెట్టుకున్నారు. నేను పెట్టలేదు. ఇంత బలం ఉన్నది ఇంత మెత్తగా ఎందుకుంటుంది, ఏదో ఒక రోజు బయటపడుతుందని కాచుకుని కూర్చున్నాను. ఏదీ బయటపడలేదు.

ఏటా శ్రావణంలో చిన్న పండుగ చేసేవాళ్లు. ముందు డప్పులు, వెనుక దేవరపోతు. ప్రతి ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ఆడది వచ్చి కాళ్లు కడిగి, నుదుట పసుపు పెట్టి, బెల్లం కలిపిన జొన్న గటక తినిపించాలి. మొదటి ఏడు తాడు పట్టి నడిపించారు. తర్వాత తాడు అవసరం రాలేదు. డప్పు మోగితే చాలు, ఏ చెరువులో ఉన్నా లేచి వచ్చి మొదటి ఇంటి ముందు నిలబడేది. అమ్మవారి మహిమ అన్నారు. బెల్లం మహిమ అని నాకు అనిపించింది కానీ అరుగు మీద అనలేదు.

రెండువేల పదమూడు ఎండాకాలంలో మా ఆయన తిరిగొచ్చాడు. ప్రాణంతోనే వచ్చాడు. కానీ పోయిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. పోయేముందు నోరు మూతపడని మనిషి. వచ్చాక అడిగినదానికి జవాబు, అంతే. ఇంట్లో పడుకునేవాడు కాదు, వాకిట్లో మంచం వేసుకునేవాడు. కారు నడిపినవాడి చేతులు అలా ఉండవని నాకు చూడగానే తెలిసింది. అరిచేతులంతా కాయలు.

"ఆడ ఏం పని చేసినవ్?" అని అడిగాను.

"పనే," అన్నాడు.

అత్తమ్మ మాత్రం సంబరంలో ఉంది. కొడుకు కళ్ల ముందున్నాడు, పోతు గల్లీలో ఉంది, వచ్చే ఏడు శ్రావణానికి పెద్ద పండుగ. "అమ్మ ఇచ్చింది, మనం ఇయ్యాలె. ఇయ్యకుంటే ఇచ్చింది మళ్లా తీస్కపోతది," అని పొద్దున లేస్తే ఒకసారి, పడుకునేముందు ఒకసారి అనేది. అది ఆవిడకు మాట కాదు, నిజం. మొక్కు తీరకపోతే కొడుకు దక్కడని గట్టిగా నమ్మింది. ఆ మాట అన్నప్పుడల్లా మా ఆయన అన్నం కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఎందుకు లేస్తున్నాడో నాకు అంతుపట్టేది కాదు.

ఆ వానాకాలం చిన్న పండుగ అయిపోయిన కొన్నాళ్లకు దేవరపోతు మాయమైంది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు, ఎక్కడో మేస్తుందిలే అనుకున్నారు. తర్వాత వెతికారు. చెరువులో లేదు, మక్క చేలల్లో లేదు, పక్క ఊళ్లలో లేదు. అప్పుడు మొదలైంది అనుమానాల పంట. పెద్దకొడప్‌గల్ తోవలో పశువుల వ్యాన్ కనబడిందని ఒకరు. పక్క ఊరివాళ్లు వాళ్ల పండుగకు దాచారని ఒకరు. చిరుత పట్టిందని ఇంకొకరు. అంత పోతును పట్టే చిరుత ఉంటే దానికే మొక్కాలి. రోజులు గడిచేకొద్దీ ఈ అనుమానాలన్నీ తిరిగి తిరిగి మా అరుగు మీదికే వచ్చి ఆగాయి. నా ఎదురుగా కూర్చుని నా ఆకే కత్తిరిస్తూ ఒకామె మెల్లగా అంది, "కొడుకైతే మంచిగ ఇంటికొచ్చిండు. ఇగ పోతుతోని ఏం పని?"

ఆ మాట అత్తమ్మ విన్నది. దారం తెంపి, చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. దేవుని సొమ్ము అమ్ముకున్నారన్న పేరు ఒక పక్క, కొడుక్కి ఏమవుతుందోనన్న భయం ఒక పక్క. మా ఆయనకు కొంచెం జలుబు చేసినా ఆవిడ ముఖం పాలిపోయేది. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. నాకు కోపం వచ్చింది, జాలి వేసింది. రెండూ కలిసి ఎవరి మీద చూపించాలో తెలియక దొరికిన ప్రతివాళ్లనూ అనుమానించాను. డప్పు కొట్టే ఆయన్ను అనుమానించాను, పూజ చేసే బైండ్లాయనను అనుమానించాను, చివరికి ఆ మాట అన్న ఆవిడ మొగుణ్ణి కూడా అనుమానించాను. ఆయనకు మంచం దిగడానికే ఇద్దరు పట్టాలి.

ఇంట్లో మనిషిని అనుమానించడానికి మాత్రం చలికాలం దాకా పట్టింది.

మా ఆయన రెండు మూడు రోజులకొకసారి "కామారెడ్డి పోతున్న, పని చూడాలె" అని మధ్యాహ్నం బయలుదేరేవాడు. చీకటి పడేవేళకు వచ్చేవాడు. పని దొరికిందా అంటే, చూస్తున్న అనేవాడు. ఒకరోజు నేను పుట్టింటికి పోయాను. బావ తరచుగా వస్తున్నాడా అని మా తమ్ముణ్ణి అడిగితే, సంక్రాంతికి ముందు చూసిందే, మళ్లీ కనబడలేదన్నాడు. ఇంటికి వచ్చి ఆయన ప్యాంటు ఉతకడానికి తీస్తే అంచుల నిండా పల్లేరుకాయలు. కామారెడ్డి బస్టాండులో పల్లేరు మొలవదు. చెప్పుల కింద ఎర్రమట్టి. ఫోను ఎప్పుడూ ఇంట్లోనే వదిలిపోయేవాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాడు ఫోను వదిలి పోతున్నాడంటే మామూలు సంగతి కాదు.

ఇంకొకరి ఇల్లు ఉందని నిర్ణయానికి వచ్చాను. ఏ ఊళ్లో, ఎవరు అన్నదే మిగిలింది. బర్రె తవుడు బస్తా నేను అనుకున్నదాని కంటే ముందే అయిపోతుందని అప్పుడు చూశాను. బెల్లం డబ్బా కూడా అంతే. బెల్లం సరే, ఏ ఆడదైనా తింటుంది. తవుడు తినే ఆడది ఎవరబ్బా అని రెండు రోజులు ఆలోచించాను. ఏడుపు వచ్చే చోట నవ్వు వచ్చింది, నవ్వు వచ్చే చోట మళ్లీ ఏడుపు.

ఎండాకాలం వచ్చి బీడీలకు తునికాకు తెంపే రోజులు మొదలయ్యాక అడవి నుంచి కొత్త కబురు దిగింది. ఆకు తెంపడానికి లోపలికి పోయిన తండాల ఆడవాళ్లు ఏదో చూశారట. ఏనుగంత ఉందని ఒకామె. ఎర్రగా ఉందని ఒకామె. ఒంటి మీద తీగలు వేలాడుతున్నాయి, నడిస్తే చప్పుడు లేదని ఇంకొకామె. ఎల్లారెడ్డి అంగడిలో అదే ముచ్చట. అడవి కాపలా ఉద్యోగి అడవిదున్న అని తేల్చాడు, ఎక్కడి నుంచో దారి తప్పి వచ్చిందన్నాడు. ఒక ముసలి గొల్లాయన మాత్రం దయ్యమే అన్నాడు. దయ్యం కాకపోతే మనిషిని చూసి తోవ ఎందుకు ఇస్తుందని ఆయన ప్రశ్న.

నన్ను ఆగిపోయేలా చేసింది మా అరుగు మీదికి ఆకు అమ్మవచ్చిన ఒక తండా ఆవిడ చెప్పిన మాట. ఆకుమూటతో వాగు దాటుతూ బండమీద జారి పడిందట. లేచేసరికి ఎదురుగా అది.

"ఉరికెటందుకు కాళ్లు రాలే. పానం పోయిందనుకున్న. అది కాలు ఎత్తిందమ్మా. ఎత్తి గట్లనే పట్టుకున్నది. నేను మూట ఏరుకొని ఒడ్డెక్కినంక దించింది," అంది.

అందరూ చెంపలు వేసుకున్నారు. నా చేతిలో బీడీ విడిపోయింది. అలా కాలు ఎత్తి పట్టుకునే ప్రాణి నాకు తెలిసి ఒక్కటే, వానలో కోడిపిల్లల మీద. అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ ఇంట్లో కుండలు కడుగుతోంది, ఈ మాట వినలేదు. తవుడు, బెల్లం, పల్లేరుకాయలు అన్నీ ఒకచోటికి వచ్చి కూర్చున్నాయి.

తరువాత ఆయన కామారెడ్డి అని బయలుదేరిన రోజు నేను వెనుక పోయాను. బస్సు తోవ వదిలి వాగు వెంబడి నడిచాడు. టేకు ఆకు ఎండి కింద రాలి ఉంది, అడుగు వేస్తే చప్పుడు. దూరంగా ఉండి, ఆయన ఆగినప్పుడు ఆగి, నడిచినప్పుడు నడిచాను. లోపల రెండు గుట్టల నడుమ ఒక కుంట ఉంది, ఎండాకాలంలోనూ ఎండదు. ఆయన గట్టు మీద నిలబడి నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు. నీళ్లలో బండ అనుకున్నది లేచింది.

నేను చెట్టు చాటున ఉండి కూడా ఒక అడుగు వెనక్కి వేశాను. ఏడాదికి ముందు చూసిన పోతు కాదు అది. ఒళ్లంతా ఎర్రమట్టి ఎండి పెచ్చులు కట్టింది, కొమ్ములకు తీగలు చుట్టుకున్నాయి. నీళ్లు కారుతూ గట్టెక్కి వచ్చి, మా ఆయన చొక్కా జేబులో ముట్టె పెట్టి వాసన చూసింది. ఆయన జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చాడు. తవుడు తినిపించాడు. తర్వాత ఒక డబ్బాతో కుంటలో నీళ్లు ముంచి దాని తల మీద, చెవుల్లోకి, వెన్ను మీద పోస్తూ ఉన్నాడు. పోసినకొద్దీ అది కళ్లు మూసుకుని నిలబడింది. గల్ఫ్ నుంచి వచ్చాక మా ఆయన ముఖం అంత తేటగా ఉండటం నేను చూడలేదు. నిజం చెప్పాలంటే, ఆడది కానందుకు సంతోషం వేసింది, ఆ ముఖం నాకు చూపించనందుకు కుళ్లు పుట్టింది.

బయటికి వచ్చాను. ఆయన ఉలిక్కిపడలేదు.

"వస్తవని తెల్సు," అన్నాడు. "నీకు అనుమానం రాకుండ ఎన్ని రోజులు ఉంటది?"

"ఏందిది?"

"కనవడుతలేదా? పోతు."

"అత్తమ్మ సగమైపోయింది. ఊరంతా మనల్నే అంటున్నరు."

ఆయన డబ్బా కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. నన్ను కూర్చోమన్నాడు. గల్ఫ్‌లో తను చేసిన పనేమిటో ఆ రోజు మొదటిసారి చెప్పాడు. డ్రైవర్ పని లేదు. ఎడారిలో ఒంటెలు కాసే పని. చుట్టూ ఎటు చూసినా మనిషి లేడు. చలికాలంలో అక్కడ చలి కొరుకుతుందట. కప్పుకోవడానికి సరిపడా లేక ఒక ముసలి ఒంటె పక్కకు ఒరిగి పడుకునేవాడట.

"నేను పండుకుంటే అది లేవకపోయేది. మిగిలినయి లేచి మేతకు పోయినా అది పోకపోయేది, నాకు తెలివయ్యేదాక. మనిషి అడగని ఆ జాగల నన్ను ఆ జంతువు చూసుకున్నది. అందుకే బతికొచ్చిన. ఇంటికొస్తే నా పేరు మీద దీన్ని కోస్తరంట. ఎట్ల ఊకుంట? రాత్రికి రాత్రి ఈడికి తోలుకొచ్చిన."

నా నోట వచ్చింది అత్తమ్మ మాటే.

"మరి మొక్కు? నీకేమన్న అయితే?"

"నాకేమైతది? అయ్యేదుంటే ఆడనే అయిపోతుండె."

"అత్తమ్మతోని చెప్పు మరి."

"చెప్తే అవ్వ ఏడుస్తది. అవ్వ ఏడిస్తే నేను ఓర్వ. నేనే దీన్ని మళ్ల ఊళ్లెకు తోలుకొస్త. అందుకే చెప్తలేను."

పోతు మా ఇద్దరి నడుమకు వచ్చి నిలబడి, మాటలు వింటున్నట్టు చెవులు ఆడించింది. నేను మొదటిసారి దాని నుదుటి మీద చెయ్యి వేశాను. వేడిగా, గరుకుగా ఉంది. నా చేతి కింద అది కదలకుండా ఉంది.

ఇంటికి వచ్చాక నాకు నెమ్మది లేదు. నాలుగేళ్లు ఒంటరిగా ఉండి తెచ్చుకున్న మనిషి ఆయన. అమ్మవారి మీద నాకు పూర్తి నమ్మకం ఉందని చెప్పలేను, పూర్తి అపనమ్మకం కూడా లేదు. తీరా అత్తమ్మ మాటే నిజమైతే? ఒక దున్నపోతు కోసం మొగుణ్ణి పందెం కాసే ధైర్యం నాకు ఎక్కడిది? ఆయన దగ్గినప్పుడల్లా నేను కూడా అత్తమ్మలాగే తల ఎత్తి చూడటం మొదలుపెట్టాను. చెప్పేద్దామని అత్తమ్మ పక్కన కూర్చున్న రోజులున్నాయి. కూర్చుంటే ఆ ఎర్రమట్టి ముఖం, ఆ మూసుకున్న కళ్లు గుర్తొచ్చేవి. లేచి పొయ్యిలో కట్టె సర్దేదాన్ని.

కొత్త రాష్ట్రం వచ్చిన ఆ ఏడు పెద్ద పండుగ ఇంకా ఘనంగా చేయాలని ఊరు అనుకుంది. ఊరివాళ్లు అడవి కూడా ఒకసారి గాలించారు. కుంట దాకా పోలేదు, అడవిదున్న ఉందన్న భయంతో మధ్యలోనే తిరిగొచ్చారు. ఊరి పెద్దమనిషి మా వాకిట్లోకి వచ్చి నిలబడి, "మొక్కిన ఇల్లు మీది. పోతు లేకుంటే వట్టి తాడు పట్టుకొని మీ అమ్మనే ముందు నడవాలె," అని మా ఆయనకు చెప్పిపోయాడు. అంతకంటే పరువు తక్కువ ఈ ఊళ్లో లేదు. అత్తమ్మ తాడు తీసి నూనె రాసి పెట్టుకుంది. మా ఆయన చూశాడు, గోడకు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు ఆయన మనసు మారుతుందేమోనని నాకు అనుమానం. మారాలని కోరుకున్నానో, మారకూడదని కోరుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

పెద్ద పండుగ రోజు ముసురు పట్టింది. ఒక ఆచారం చెప్పాలి, అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గుడి ముందు పోతును నిలబెట్టి తల మీద, వెన్ను మీద నీళ్లు పోస్తారు. ఆ నీళ్లకు అది ఒళ్లు జలదరించి విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే అమ్మకు వద్దన్నట్టు, దాని బదులు గుమ్మడికాయ కొడతారు, ఇక ఆ పశువును ఎప్పటికీ అడగరు. మా ఊళ్లో విదిలించని పశువును చూసినవాళ్లు లేరు. ఆ నీళ్లు మొక్కిన ఇంటివే కావాలి. ముందురోజే బిందెలో నింపి, పసుపు వేసి, వేపాకు వేసి పెరట్లో ఆరుబయట ఉంచుతారు. శ్రావణం ముసురులో రాత్రంతా ఉన్న నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో చెప్పక్కర లేదు. ఆ బిందెను గుడి దాకా మోసేది ఆ ఇంటి కోడలు.

పోతు లేకపోయినా ఆనవాయితీ ప్రకారం బిందె నింపిపెట్టింది అత్తమ్మ. డప్పులు మొదలయ్యాయి. ఆవిడ వట్టి తాడు చేత పట్టుకుని గల్లీ మొదట్లో నిలబడింది. అరుగు మీద నాతో కూర్చునే ఆడవాళ్లంతా గుమ్మాల్లో నిలబడి ఆ తాడునే చూస్తున్నారు.

డప్పు చప్పుడు అడవి దాకా పోతుంది. ఆ సంగతి మా ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఏటేటా డప్పు మోగితే గడపగడపకు బెల్లం గటక తిన్న ప్రాణి అది.

ముందు కుక్కలు మొరగడం ఆపాయి. తర్వాత వాగు వైపు జనం విడిపోయారు. ఎర్రమట్టి కారుతున్న ఒంటితో, కొమ్ములకు తీగలతో, ఎవరినీ తాకకుండా నడిచివచ్చి అది మొదటి ఇంటి ముందు నిలబడి మూతి ఎత్తింది. ఊరంతా నేలమీద పడి మొక్కింది. అమ్మే పిలిచిందన్నారు. మొదటి ఇంటామె కాళ్లు కడిగింది. గటక తిని అది రెండో ఇంటికి పోయింది. మమ్మల్ని అనుమానించిన ఆవిడ గుమ్మం ముందు కూడా ఆగి తిన్నది, ఆవిడ ఏడుస్తూ తినిపించింది. అత్తమ్మ చేతిలో తాడు అలాగే వేలాడుతోంది. ఆవిడ ముఖంలో అన్నాళ్ల భయం ఒక్కసారిగా దిగిపోయింది. కొడుకు దక్కాడు. అది చూసి నాకూ ప్రాణం లేచివచ్చినట్టయింది, ఆ వెంటనే మా వాకిలి వైపు చూశాను.

మా ఇంటి ముందుకు వచ్చింది. మా ఆయన వాకిట్లోనే ఉన్నాడు. పారిపోవడానికి లేదు, ఆపడానికి లేదు. అత్తమ్మ గటక గిన్నె ముందు పెట్టింది. పోతు గిన్నె వైపు చూడలేదు. గిన్నె దాటి, అత్తమ్మను దాటి, మా ఆయన దగ్గరికి పోయి ఆయన చొక్కా జేబులో ముట్టె పెట్టింది. జేబు ఖాళీగా ఉంది. అయినా ముట్టె తీయలేదు. ఆయన రెండు చేతులతో దాని తలను పట్టుకున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియడం లేదు.

జనం అది కూడా మహిమే అనుకున్నారు, మొక్కిన కొడుకును గుర్తుపట్టిందని. అత్తమ్మ మాత్రం ఆ జేబునే చూస్తూ నిలబడింది. తవుడు బస్తా ఆవిడ ఇంట్లోదే, బెల్లం డబ్బా ఆవిడ ఇంట్లోదే. కొడుకు ముఖం చూసింది, పోతు ముఖం చూసింది. తర్వాత "బిందె తెస్త" అని లోపలికి పోయింది.

కొంచెం ఆలస్యమైంది. బయట డప్పులు తొందర పెడుతున్నాయి. వచ్చి బిందెను తన చేతులతోనే నా నెత్తి మీద పెట్టింది. నాలుగు అడుగులు వేశాక చుట్టబట్ట గుండా నా నడినెత్తికి వెచ్చగా తగిలింది. ముసురులో ఎండ ఎక్కడిదని మొదట అనుకున్నాను. వెనక్కి తిరిగి ఇంటి పక్క సందులోంచి చూశాను. మా పెరటి వైపు కాలువలో పసుపునీళ్లు పారుతున్నాయి, నీళ్ల పొయ్యి దగ్గర వేపాకులు తడిసి పడి ఉన్నాయి. స్నానాల కోసం కాగుతున్న కాగు మీద మూత తీసి ఉంది.

నేను ముందుకు తిరిగి నడిచాను.

గుడి ముందు బిందె దించుతుంటే అత్తమ్మ కూడా ఒక చెయ్యి వేసింది. తల వంచి, నా చెవి పక్కనే, అమ్మవారితో గుసగుసగా అంది, "తల్లీ, తప్పు నాది. వానికి తెల్వదు. పట్టుకుంటే నన్ను పట్టుకో, వాన్ని ఇడిసిపెట్టు."

బైండ్లాయన బిందెలో చెంబు ముంచాడు. ముంచిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆయన చేతికి తెలియకుండా ఉంటుందా? నా ముఖంలోకి చూశాడు, అత్తమ్మ ముఖంలోకి చూశాడు. తర్వాత నీళ్లు పోశాడు. డప్పులు ఆగాయి. తల మీద పోశాడు, చెవుల్లో పోశాడు, వెన్ను పొడుగునా పోశాడు. కుంటలో ఏడాది పాటు మా ఆయన పోసినట్టే. ఆయన దీన్ని తెలిసే అలవాటు చేశాడా, ఎండకు ఓర్వలేదని పోశాడా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. పోతు చెవులు వాల్చింది, కళ్లు మూసుకుంది. ఒళ్లు విదిలించలేదు. మళ్లీ పోశాడు. బిందె అడుగు దాకా పోశాడు. అది నిద్రపోతున్నట్టు నిలబడింది.

"అమ్మకు వద్దట," అని బైండ్లాయన గట్టిగా చెప్పాడు. "గుమ్మడికాయ తెండ్రి."

జనంలో సణుగుడు లేచింది. తనంతట తాను వచ్చినదాన్ని అమ్మ వద్దనడమేందని ఎవరో అన్నారు. బైండ్లాయన ఖాళీ బిందెను బోర్లించి దాని మీద చెంబు పెట్టాడు. ఆ మాట అక్కడితో ఆగింది. పోతు కాసేపు చూసి, ఇంకేమీ పెట్టరని తెలిసి, వచ్చిన తోవనే వాగు వైపు నడిచిపోయింది. మా ఆయన దాని వెంట పొలిమేర దాకా పోయాడు.

అత్తమ్మా నేనూ ఇంటికి నడిచాం. ఆవిడ చేతిలో తాడు, నా చంకలో బిందె. కొంత దూరం పోయాక ఆవిడ నా వైపు చూడకుండా అడిగింది.

"పిల్లా, నీళ్లు సల్లగనే ఉండెనా?"

నా నడినెత్తి ఇంకా వెచ్చగానే ఉంది.

"సల్లగనే ఉండె అత్తమ్మా," అన్నాను. "మస్తు సల్లగ."